పెంటవ్వ గురించి రాసిన మెయిళ్లు

విమలమ్మ బొంతలు కుట్టించి అమ్ముతానంటే బోధన్‌లో అందరూ నవ్వారు. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి కుట్టడం ప్రతి ఇంట్లో ముసలమ్మలు చేసేదే, దానికి బేరమేమిటన్నారు. అయితే హైదరాబాద్‌లో జరిగిన చేతిపనుల ప్రదర్శనకు ఆమె తీసుకెళ్లిన మూట మూటంతా అమ్ముడుపోయింది. కొన్నవాళ్లు ఈమెయిల్ చిరునామాలు రాసిచ్చి, కొత్తవి కుడితే చెప్పమన్నారు. కంప్యూటర్ అంటే ఏమిటో ఆమెకు తెలియదు. నిజామాబాద్ బస్టాండు పక్కన ఇంటర్నెట్ సెంటర్ నడుపుతున్న తమ్ముడు ఆత్మారాంకు ఆ చిరునామాలు అప్పగించింది.

ఆత్మారాం వారం వారం అందరికీ ఒకే మెయిల్ పంపాడు. అందులో కొలతలు, రంగులు, ధర తప్ప మరేమీ ఉండేది కాదు. ఎవరూ కొనలేదు సరికదా, కొందరు విసుక్కుని ఇక పంపవద్దని రాశారు. అటువంటప్పుడు సుమిత్రమ్మ అనే రిటైరైన టీచరు నుంచి ఒక జవాబు వచ్చింది. తన మనవరాలు ప్రదర్శనలో కొన్న బొంత కప్పుకోనిదే పడుకోవడం లేదట. దాన్ని కుట్టింది ఎవరో తెలుసుకోవాలని ఉందట.

ఆ జవాబు చదివి ఆత్మారాం అప్పటికప్పుడు బోధన్ బస్సెక్కి వచ్చాడు. "ధర ఎవలు చూస్తలేరక్కా. కుట్టినామె ముచ్చట రాయాలె" అన్నాడు.

కుట్టినామె పెంటవ్వ. వయసులో ఉన్నన్నాళ్లు చెరకు నరికిన మనిషి. నడుము వంగాక విమలమ్మ ఇంటి అరుగు మీద కుదురుకుంది. ఆమె వేసిన కుట్లు చీమలబారు నడిచినట్టుండేవి. ఆత్మారాం ఆమె ఫొటో తీశాడు. ఆమె చెరకుతోటల కబుర్లు, చీరల అంచులు ఎంచే తీరు, పంటితో దారం తెంపే అలవాటు అన్నీ రాశాడు. అందరికీ కలిపి కాకుండా, ఎవరి మెయిల్ వారి పేరుతో మొదలుపెట్టి, నెలకు ఒక్కసారే పంపాడు. ఈసారి జవాబులు వచ్చాయి, వాటి వెంట ఆర్డర్లూ వచ్చాయి. దగ్గరి ఊరు మోస్రా నుంచి సాయవ్వ, ఇంకా కొందరు ఆడవాళ్లు వచ్చి పనిలో చేరారు. అరుగు చాలక వాకిట్లో నీడకు తడకలు కట్టారు.

ఎండాకాలం రాగానే బొంతలు అడిగేవాళ్లు లేరు. ఆడవాళ్లు పొద్దున్నే వచ్చి, పని లేక మధ్యాహ్నానికి వెళ్లిపోతున్నారు. అప్పుడు ఆత్మారాం కొత్త మాట తెచ్చాడు. పెంటవ్వకు చూపు పోతోందని, ఇక ఆమె ఎక్కువ రోజులు కుట్టలేదని రాద్దామన్నాడు.

"గట్లెట్ల రాస్తవ్ తమ్మీ? మంచిగున్న మనిషికి" అంది విమలమ్మ.

"ముసలామెనే గదక్కా. ఎప్పటికైనా కండ్లు మందగించేటియే గద."

విమలమ్మ మళ్లీ వద్దనలేదు. ఖాళీగా ఉన్న తడకల నీడ వైపు చూసింది. ఆ మెయిల్ వెళ్లిన వారంలోనే గోడ పక్కన పేర్చిన బొంతలన్నీ అయిపోయాయి. మిగతా ఆడవాళ్లు కుట్టినవి కూడా పెంటవ్వ చేతివనే పంపారు. విమలమ్మకు మాత్రం ఆ రోజు నుంచి పెంటవ్వ ముఖంలోకి సూటిగా చూడబుద్ధి కాలేదు.

ఒకరోజు సుమిత్రమ్మ చెప్పాపెట్టకుండా వచ్చింది. మెయిల్ చదివినప్పటి నుంచి మనసు ఆగలేదని, పెంటవ్వను నిజామాబాద్ కంటి డాక్టరుకు చూపిస్తానని అంది.  ఏం చెప్పి పంపాలా అని విమలమ్మ ఆలోచిస్తుండగానే సుమిత్రమ్మ అరుగు మీద కూర్చుని, ముసలామె చేయి పట్టుకుని, కళ్లు ఎలా ఉన్నాయని అడిగింది.

పెంటవ్వ సూది కింద పెట్టింది. విమలమ్మ ఉన్న దిక్కుకు తల తిప్పింది.

"గీమెకు ఎవలు సెప్పిండ్రు బిడ్డా? నేనెవ్వలికి సెప్పలేదు."

అప్పుడు ఒక్కొక్కటే బయటపడింది. చాలాకాలంగా ఆమెకు పక్కలన్నీ చీకటి. వెదురు బొంగులోంచి చూసినట్టు నడిమధ్య మాత్రమే కొంచెం కనిపిస్తుంది. పొద్దున్నే సాయవ్వ సూదులన్నిటికీ దారమెక్కించి వరుసగా గుచ్చిపెడితే, వేళ్లతో తడుముకుంటూ కుడుతోంది. తెలిస్తే పనిలోంచి తీసేస్తారని ఇద్దరూ నోరు మెదపలేదు. అబద్ధమనుకుని పంపిన మాట తాము రాయకముందే నిజమై కూర్చుందని విమలమ్మకు అప్పుడు తెలిసింది.

సుమిత్రమ్మ పెంటవ్వనూ విమలమ్మనూ తీసుకెళ్తే డాక్టరు చూసి, కంటి నరం దెబ్బతిన్నదని, పోయిన చూపు తిరిగి రాదని చెప్పాడు. మిగిలిందీ ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పలేనన్నాడు. ముందే తెచ్చి ఉంటే కాపాడేవాణ్ణని ఆయన అంటున్నప్పుడు విమలమ్మ తల దించుకుంది. రోజూ పక్కనే కూర్చుని అన్నం తిన్న మనిషిని తాను ఎన్నడూ సరిగా చూడలేదు.

తిరుగు దారిలో మెయిల్‌లో ఏం రాశారో చెప్పమని పెంటవ్వ పట్టుబట్టింది. విమలమ్మ చెప్పింది. పెంటవ్వకు కోపం రాలేదు. "అండ్ల ఏది రాస్తె గది అయితదన్నట్టు" అంది. కాదని విమలమ్మ ఎంత చెప్పినా వినిపించుకోలేదు. ఆ తర్వాత ప్రతి పొద్దునా అరుగు ఎక్కుతూనే, ఇవాళ తన గురించి ఏమైనా రాశారా అని అడిగేది.

ఇక ఆమె పేరు ఎత్తవద్దని చెప్పడానికి విమలమ్మ నిజామాబాద్ వెళ్లింది. ఆత్మారాం హుషారుగా ఎదురొచ్చాడు. తాను ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదని, మళ్లీ గిరాకీ తగ్గుతుంటే ఇంకో మెయిల్ పంపేశానని చెప్పాడు. తెర మీది ఇంగ్లీషును తెలుగులో చదివి వినిపించాడు. "పెంటవ్వ ఇక లేరు. ఆమె చేతి చివరి బొంతలు కొన్ని మాత్రమే మిగిలాయి."

 ఆ మెయిల్‌ను వాపసు తెప్పించమని విమలమ్మ అడిగింది. పోయింది తిరిగి రాదన్నాడు. బతికే ఉందని ఇంకోటి రాయమంది. "గట్ల రాస్తే మనల ఎవలు నమ్ముతరు? గింతమంది పని పోతది" అన్నాడు. ఆమె తిరిగి బస్సెక్కింది.

అప్పటి నుంచి ఆమెకు గుండె నిమ్మళంగా లేదు. వాకిట్లో ఆటో చప్పుడైతే లేచి చూసేది. పెంటవ్వ కునుకు తీస్తే దగ్గరికి వెళ్లి, ఛాతీ కదులుతోందా అని చూసేది. రాయలేదు అవ్వా, ఏం రాయలేదు అని ప్రతి పొద్దునా చెప్పేది.

చివరికి ఒక ఆటో వచ్చి ఆగనే ఆగింది. సుమిత్రమ్మ దిగింది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి, చేతుల్లో పెద్ద బంతిపూల దండ ఉంది. అరుగు మీద కుడుతున్న పెంటవ్వను చూసి గడప దగ్గరే నిలిచిపోయింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు సూదులు ఆపారు.

పెంటవ్వ ముక్కు ఎగబీల్చింది. "పూల వాసనొస్తుంది. ఎవలికి బిడ్డా?"

 విమలమ్మ వెళ్లి ఆమె పక్కన కూర్చుని, దాచిందంతా చెప్పేసింది. పెంటవ్వ చేయి చాపి, సుమిత్రమ్మ చేతిలోంచి జారిన దండను తడుముతూ చివరిదాకా వింది. వేళ్లు ఒక పువ్వు దగ్గర ఆగాయి.

"ఎప్పుడు పోయిన్నని రాసిండ్రు?" అని మెల్లగా అడిగింది.