వెనక వరుస

మూడో నిష్పత్తి దగ్గర ఆయన కాలిక్యులేటర్‌లో అంకె చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టాడు. లెక్క తప్పలేదు. తప్పలేదని ఆయనకీ తెలుసు. అయినా చెరిపేశాడు.

ఆఫీసులో ఆయన్ని అందరూ భాగహారం మాస్టారు అంటారు. పొద్దున్నే వచ్చి కుర్చీ వెనక కోటు తగిలించి, పెన్సిల్ చెక్కుకుని, ఒక అంకెను ఇంకో అంకెతో భాగించడం మొదలుపెడితే సాయంత్రందాకా అదే పని. పొట్టి మనిషి. చెవుల మీద తప్ప తల మీద జుట్టు లేదు. చొక్కా జేబుకి సిరామరక ఎప్పుడూ ఉంటుంది, ఎన్ని చొక్కాలు మార్చినా అదే చోట.

ఆ కంపెనీ పని అరువుకి పూచీ పడటం. చిన్న చిన్న తయారీదార్లు పెద్ద దుకాణాలకు సరుకు అరువు మీద పంపుతారు. ఎప్పుడైనా దుకాణం దివాలా తీస్తే ఆ బాకీ ఈ కంపెనీ కడుతుంది. అందుకని ఏ దుకాణం పడిపోబోతోందో పడకముందే కనిపెట్టాలి. ఆస్తిలో చేతికి అందేది ఎంత, ఇన్నేళ్ళలో వెనకేసుకున్నది ఎంత, వడ్డీ కట్టకముందు మిగిలేది ఎంత, అప్పుకి సొంత పెట్టుబడి ఏపాటి, ఉన్న ఆస్తి మీద అమ్మకాలు ఏపాటి. ఈ అయిదింటినీ వాటి వాటి బరువుతో కలిపితే ఒక అంకె వస్తుంది. అది ఎర్ర గీతకు పైనుంటే పూచీ కొనసాగుతుంది. కిందికి దిగితే మాస్టారు ఒక సంతకం పెడతాడు. తర్వాత ఆ దుకాణానికి అరువు పుట్టదు. అరలు ఖాళీ అవుతాయి, జనం రావడం మానేస్తారు, ఒకరోజు షట్టర్ కిందికి దిగుతుంది. పడిపోతుందని సంతకం పెట్టాడో, సంతకం పెట్టాడు కాబట్టి పడిపోయిందో, ఇన్నేళ్ళలో ఆయన తేల్చుకోలేకపోయాడు.

ఇవాళ ఎదురుగా ఉన్నవి ఒక గృహోపకరణాల దుకాణం లెక్కలు. నాలుగంతస్తుల భవనం, కుర్చీల దగ్గర్నుంచి కిటికీ పరదాల దాకా అమ్ముతారు. దాని అంకె ఎర్ర గీతకు వెంట్రుకవాసి పైన ఆగి ఉంది. దాన్ని అలా పట్టి నిలబెడుతున్నది ఒక్కటే, నిల్వ సరుకు. అమ్మకాలు ఏటేటా తగ్గుతున్నాయి, నిల్వ మాత్రం ఏటేటా పెరుగుతోంది. ఆ నిల్వని పక్కనపెట్టి భాగిస్తే ఏమీ మిగలడం లేదు. అమ్మకాలు లేని కొట్లో సరుకు పెరుగుతోందంటే, అది పేరుకుపోయి అయినా ఉండాలి, అసలు లేకుండా అయినా ఉండాలి.

మేనేజర్ గాజు తలుపు తోసుకుని వచ్చింది. ఆయన కంటే బాగా చిన్నది, మర్యాద తెలిసిన మనిషి.

"వెళ్ళి చూడాల్సిందే కదండీ?"

"చూడాలండి."

"మీ అక్కగారు అక్కడే పనిచేస్తారని చెప్పారు. ఇబ్బందైతే ఇంకెవరినన్నా పంపుతాను."

మాస్టారు పెన్సిల్‌ను కాగితాల మీద నిలువుగా పెట్టాడు. అది దొర్లిపోయింది.

"ఎవరెళ్ళినా కనబడేది అదేనండి. నేనే వెళ్తాను."

పరాయి మనిషి వెళ్ళి అక్క ముందు నుంచి నోట్సు రాసుకుంటూ నడవడం ఊహించుకోలేకపోయాడు. ఆ మాట బయటికి అనలేదు.

నడిచే వెళ్ళాడు. దూరమేమీ కాదు. ఏళ్ళ తరబడి సాయంత్రాలు ఆ దుకాణం ఎదుటి బస్టాపులో నిలబడి అక్క కోసం ఎదురుచూశాడు. లోపల మాత్రం ఈ ఉద్యోగంలో చేరాక అడుగుపెట్టలేదు. అక్క పెట్టనివ్వలేదు.

మొదట్లో అది వేళాకోళమే. మాస్టారు ఒక చెప్పుల షాపుకి వెళ్ళి చూసొచ్చాడు, ఆరునెలలు తిరక్కుండా అది మూసేశారు. తర్వాత ఒక బొమ్మల షాపు. ఆ తర్వాత పక్క వీధిలో గడియారాల షాపు. ఇంట్లో భార్య కూరగాయలు కొనడానికి వెళ్తే, "మీరు ఇక్కడే నిలబడండి. కొట్టువాడు పాపం పిల్లలుగలవాడు," అని ఆయన్ని కొట్టు బయటే ఆపేసేది. అందరూ నవ్వుకునేవాళ్ళు. అక్క మాత్రం నవ్వుతూనే చెయ్యి పట్టుకుని చెప్పింది. "చిన్నోడా, నువ్వు ఎక్కడికన్నా వెళ్ళు. మా షాపులోకి మాత్రం రాకు."

ఒక సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. ఒకసారి దూరపు ఊళ్ళో ఒక బట్టల దుకాణం చూడటానికి వెళ్ళాడు. అంతకుముందు ఆ ఊరి ముఖం చూసింది లేదు. గుమ్మం దగ్గర ముసలి వాచ్‌మన్ స్టూలు మీంచి లేచి, దండం పెట్టి, "ఈసారి తొందరగా వచ్చారే," అన్నాడు. ఎవరనుకుంటున్నావని మాస్టారు అడగలేదు. ఆ రాత్రి రైల్లో నిద్ర పట్టలేదు.

దుకాణం తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి.

లోపల చల్లగా ఉంది. దీపాలు ఒకటి విడిచి ఒకటి వెలుగుతున్నాయి. ఎక్కడో సన్నగా సంగీతం వస్తోంది. పాట ఉన్నట్టుండి ఆగి, ఆగినచోటి నుంచి కాక కొంచెం వెనక నుంచి మళ్ళీ మొదలవుతోంది. కదిలే మెట్లు ఎవర్నీ ఎక్కించుకోకుండా పైకి పోతున్నాయి. గోడ నిండా గడియారాలు, ఒక్కటీ తిరగడం లేదు. వాటి బ్యాటరీలు తీసేశారు. పరుపుల మధ్య ఒకతను చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అమ్మకానికి పెట్టిన వస్తువేమో అన్నంత కదలకుండా ఉన్నాడు. మాస్టారు దగ్గరికి వచ్చేసరికి, "నమస్కారమండీ, ఏం చూపించమంటారు?" అన్నాడు. గొంతు ఆ ఉదయానికి అదే మొదటిసారి వాడినట్టు గరగరలాడింది.

"ఊరికే చూస్తున్నాను బాబూ."

"అందరూ అంతేనండి," అన్నాడతను. "వస్తున్నారు. కాసేపు నిలబడి చూస్తున్నారు. వెళ్ళేటప్పుడు గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు."

పింగాణీ సామాను అరలు నిండుగా ఉన్నాయి. పెట్టెలు వరుస తప్పకుండా, బొమ్మలున్న వైపు ముందుకి తిప్పి పేర్చారు. మాస్టారు ఒక పెట్టెని కొంచెం పక్కకి జరిపి, సందులోంచి చెయ్యి లోపలికి పోనిచ్చాడు. వెనక రెండో వరుస తగలాలి. తగల్లేదు. మోచేతి దాకా పెట్టాడు, భుజం దాకా పెట్టాడు. చెంప పెట్టెకి ఆనింది. లోపల చీకటిగా, ఖాళీగా ఉంది. ఇంకొంచెం చాపాడు.

అవతలి నుంచి వేళ్ళు ఆయన వేళ్ళకి తగిలాయి. వెచ్చగా.

చటుక్కున చెయ్యి లాక్కున్నాడు. పెట్టెల సందులోంచి ఒక కన్ను కనిపించింది, తర్వాత ఒక అమ్మాయి ముఖం సగం.

"భయపడ్డారాండీ? నేనూ భయపడ్డాను," అంది అటువైపు నుంచి. "ఉన్నవి ముందుకి జరుపుతున్నాను. రోజూ పొద్దున్నే జరపమన్నారు."

"వెనకవి ఏవమ్మా?"

ఆ అమ్మాయి ఇంకో పెట్టె ముందుకి జరిపింది. "వస్తాయన్నారండి," అంది.

పైఅరలో అట్టపెట్టెలు గోడలా ఉన్నాయి. నిచ్చెన ఒక మెట్టెక్కి ఒకదాన్ని ఎత్తాడు. ఎత్తడానికి కూడగట్టుకున్న బలం వృథా అయి, పెట్టె చేతుల్లోంచి పైకి ఎగిరినట్టయింది. లోపల ఏమీ లేదు. తయారీదారు వేసిన టేపు విప్పి మళ్ళీ అతికించినట్టు తెలుస్తోంది. దాన్ని ఉన్నచోటే పెట్టి, అంచులు సరిచేసి కిందికి దిగాడు.

పరదాల విభాగం పై అంతస్తులో. ఆ కదిలే మెట్ల మీద ఆయన ఒక్కడే పైకి వచ్చాడు. అక్క పొడవాటి బల్ల వెనక గుడ్డ పరుచుకుని కత్తిరిస్తోంది. జుట్టు బాగా నెరిసింది. మెడలో కొలతల టేపు, జాకెట్టుకి గుండుసూదులు. ఆమె తల ఎత్తింది. అంతదూరం నుంచి ఆయన్ని చూసింది.

కత్తెర ఆగింది.

ఆమె ముఖంలో భయమేమీ కనబడలేదు. చాలాకాలంగా వస్తానని రాని చుట్టం గుమ్మంలో కనిపించినట్టు చూసింది. కత్తెర పక్కన పెట్టి, చేతులు చీరకి తుడుచుకుంది.

"వచ్చావా," అంది.

"ఊ."

"కూర్చో. ముఖం అలా పాలిపోయిందేం? పొద్దున ఏమన్నా తిన్నావా?"

"తిన్నానక్కా."

ఆమె మళ్ళీ కత్తిరించడం మొదలుపెట్టింది. అమ్మా నాన్నా పోయాక వాళ్ళిద్దరూ ఒకే గదిలో అద్దెకుండేవాళ్ళు. ఆ గదికి కిటికీ లేదు. ఆ గదిలోనే కూర్చుని ఊళ్ళోవాళ్ళ కిటికీలకి పరదాలు కుట్టి అక్క ఆయన్ని చదివించింది. ఈ దుకాణం ఒక్క గదిగా మొదలైన రోజు నుంచీ ఇక్కడే ఉంది. పెళ్ళిమాట ఎవరన్నా ఎత్తితే, "ముందు చిన్నోడు స్థిరపడనీ," అనేది. చిన్నోడు స్థిరపడ్డాక ఆ మాట ఎత్తేవాళ్ళు లేకపోయారు.

"ఈమధ్య ఎవరూ పరదాలు కుట్టించుకోవడం లేదు," అంది. "జనం కిటికీలు పెట్టుకోవడం మానేశారేమో."

ఆయన నవ్వలేదు. ఆమే నవ్వింది, నవ్వుతూ ఆయాసపడి బల్ల పట్టుకుంది.

"ఏంటక్కా?"

"ఏం లేదు. మెట్లెక్కితే ఈమధ్య ఇలాగే ఉంటోంది. అది సరేగానీ, ఒకటి చెప్పు. నువ్వు అసలు ఏం చూస్తావురా కాగితాల్లో?"

అన్నేళ్ళలో ఆమె ఎప్పుడూ అడగలేదు. ఆయన బల్ల మీది గుడ్డ అంచుని వేలితో రాస్తూ చెప్పాడు.

"బాకీ ఉన్నవాళ్ళందరూ రేపు పొద్దున్నే ఒకేసారి గుమ్మంలోకి వచ్చారనుకో. ఇంట్లో ఉన్నవి అమ్మి వాళ్ళకి ఇవ్వగలమా లేదా, అది చూస్తాను. అంతే."

"మా ఇంట్లో ఉన్నవి చూశావా మరి?"

ఆమె అటు తిరిగి దారపు ఉండలు సర్దింది, సర్దిన వాటినే మళ్ళీ సర్దింది.

"దీపాలు చేసే ముసలాయన ఉన్నాడు," అంది చివరికి. "ఆయనా కోడలూ కలిసి ఇంట్లోనే చేస్తారు. నిన్న తనే వ్యాను తోలుకుని వచ్చి సరుకు దింపాడు. వచ్చేనెల డబ్బిస్తామన్నారట. పోయిన నెలా అదే అన్నారు. ఇంకో వ్యాను తెస్తానని సంతోషంగా వెళ్ళాడు."

"అక్కా..."

"నాతో ఏం చెప్పకు. మీ ఉద్యోగంలో చెప్పకూడదు కదా. ఆయన ఇంకో వ్యాను తెచ్చేలోపల నువ్వు చెయ్యాల్సింది చేసెయ్." కత్తెర తీసుకుంది. "సాయంత్రం రా. కలిసి వెళ్దాం. బస్టాపులో నిలబడకు. ఎలాగూ లోపలికి వచ్చేశావు, ఇంక దాపరికమేముంది."

ఆఫీసుకి తిరిగొచ్చి మాస్టారు నిల్వ సరుకు అంకెని కొట్టేశాడు. పక్కన కనబడిందెంతో అంత రాశాడు. అయిదు నిష్పత్తులూ మళ్ళీ కట్టాడు. ఈసారి చెరపలేదు. అంకె ఎర్ర గీతకు చాలా కిందికి పోయింది. పట్టుకోవడానికి ఏమీ లేని మనిషి జారిపోయినట్టు పోయింది.

మేనేజర్ నిలబడే చదివింది.

"అక్కగారితో చెప్పారా?"

"చెప్పలేదండి. ఆవిడ అడగలేదు."

సంతకం పెట్టాడు. కోటు తొడుక్కుని బయల్దేరాడు.

వెళ్ళేసరికి దుకాణం మూసే వేళయింది. ముందు వైపు నుంచి దీపాలు వరుసవరుసగా ఆర్పుకుంటూ వస్తున్నారు. సంగీతం ఆపేశారు. పరుపుల దగ్గరి మనిషి ఆయన్ని చూడగానే ఒక్క అడుగు వెనక్కి వేసి దారిచ్చాడు.

"అక్కయ్యగారు పైన చివర గదుల వైపు వెళ్ళారండి. మీరొస్తే అక్కడికే పంపమన్నారు."

పరదాల అంతస్తు చివర, కొనేవాళ్ళకి చూపించడానికి ఇళ్ళలో ఉన్నట్టు గదులు అమర్చారు. ఒక్కో గదికీ మూడే గోడలు. పుస్తకాల అరలో పుస్తకాలు కావు, అట్టలు. టీవీ కూడా అట్టదే. కిటికీలో పచ్చిక ఫొటో, దాని మీద ఎండ. మాస్టారు ఒక పడకగది దాటాడు, భోజనాల గది దాటాడు. ఎవరూ కాపురముండని ఇళ్ళు వరుసగా ఆయన వైపు తెరుచుకుని ఉన్నాయి. చివరి గదిలో మాత్రం బల్లదీపం వెలుగుతోంది.

అక్క వాలుకుర్చీలో కూర్చుని ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, తల కిటికీ వైపు వాల్చి. కునుకు పట్టిందనుకున్నాడు. లేపబుద్ధి కాక ఎదుటి సోఫాలో కూర్చున్నాడు. దాని ధర చీటీ మోకాలికి తగిలితే పక్కకి నెట్టాడు.

"అయిపోయిందక్కా," అన్నాడు మెల్లిగా. "సంతకం పెట్టేశాను. ఆ దీపాలాయనకి రేపు కబురు వెళ్తుంది." కాసేపాగి, "నువ్వు మా ఇంటికొచ్చి ఉండు. ఇల్లు చిన్నదే, సర్దుకుందాం. గదికి కిటికీ ఉంది," అన్నాడు.

వెనక ఇంకో వరుస దీపాలు ఆరిపోయాయి. ఇప్పుడు అంతస్తు మొత్తానికి ఆ బల్లదీపం ఒక్కటే. ఆమె కింది పెదవికి ఒక దారపు పోగు అంటుకుని ఉంది, సన్నది, లేత పసుపు రంగుది. అది కదులుతుందేమోనని మాస్టారు చూస్తూ కూర్చున్నాడు. చాలాసేపు చూశాడు. అది కదల్లేదు.

కేక పెట్టలేదు. లేచి వెళ్ళి ఆ పోగు తీసి, ఏం చెయ్యాలో తెలియక గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డాడు. పరుపుల దగ్గరి మనిషి వచ్చాడు. పొద్దున అరల వెనక ఉన్న అమ్మాయి వచ్చి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎవరో అంబులెన్సుకి ఫోను చేశారు. వాళ్ళొచ్చి, చూసి, మాట్లాడకుండా స్ట్రెచర్ విప్పారు. ఆమె చాలా తేలిగ్గా ఉందని వాళ్ళలో ఒకడు ఇంకొకడితో అనడం మాస్టారికి వినబడింది. కదిలే మెట్లు ఆపేసి ఉన్నాయి. వాటి మీదుగానే స్ట్రెచర్‌ని మోసుకుని దించారు, ఆయన వెనకాల నడిచాడు.

అందరూ వెళ్ళిపోయాక దీపం ఆర్పడానికి ఆ అమ్మాయి వెనక్కి వచ్చింది. గది అంచుకి నేల మీద తెల్లటి పట్టీ ఉంది. దానికి ఇవతల, తలుపు ఉండాల్సిన చోట, చెప్పులు జతగా విడిచి ఉన్నాయి. ఎడమదాని మడమ దగ్గర అరిగిపోయిన చోట పరదా గుడ్డ ముక్క ఒకటి పెట్టి, సన్నటి కుట్లతో, అంచులు లోపలికి మడిచి కుట్టి ఉంది.