సరుకు మీద వేసిన తప్పు

మా ఇంట్లో మనిషి పోయినప్పుడల్లా దుకాణంలో సరుకు మారేది. తాత పొగాకు వ్యాపారి. నలభై ఒకటో ఏట ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోతే, పొగాకు పొట్టన పెట్టుకుందన్నారు. నాన్న దూదిలోకి దిగాడు. ఆయనా ముప్పై తొమ్మిదికే దగ్గి దగ్గి పోయాడు. దూది నూగు అన్నారు. నేను రంగుల డబ్బాలు పెట్టాను. పందొమ్మిదేళ్ళ చెల్లి బ్లడ్ క్యాన్సర్‌తో పోయింది. ఆ రంగుల వాసనే అన్నారు. ఉన్న సరుకంతా తెగనమ్మి స్టీలు సామాన్లు తెచ్చాను. స్టీలుకు దుమ్ము లేదు, వాసన లేదు. ఇరవై ఏళ్ళపాటు గట్టెక్కాననే అనుకున్నాను.

నలభై ఆరో ఏట పొడిదగ్గు పట్టుకుంది. స్కాన్ తీస్తే ఎడమ ఊపిరితిత్తిలో గడ్డ. అప్పటికే ఎముకల్లోకి పాకింది.

"పొగతాగనివాడికి ఊపిరితిత్తుల జబ్బేంట్రా? చాటుగా కాల్చేవాడివా?" అంది అక్క.

"కాల్చి ఉంటే రుచైనా తెలిసేది కదక్కా."

డాక్టరమ్మ మాత్రం సరుకు గురించి అడగలేదు. ఇంట్లో ఎవరెవరు ఏ వయసులో పోయారో అడిగి, కాగితం మీద మగవాళ్ళకు గడులూ ఆడవాళ్ళకు సున్నాలూ గీసింది. పోయినవాళ్ళ మీద అడ్డగీత కొట్టింది. నా రక్తం పరీక్షకు పంపి, నెల తర్వాత పిలిచింది.

"ఒంట్లో కణాలు దారి తప్పకుండా కాపలా కాసే జన్యువు ఒకటుంటుంది. మీకది పుట్టుకతోనే పాడైంది. మీ నాన్నగారి నుంచి వచ్చి ఉంటుంది. అందుకే రేడియేషన్ కూడా వీలైనంతవరకు వద్దంటున్నాను, మీలాంటివాళ్ళకు దానివల్లే కొత్త గడ్డ లేవొచ్చు. మాత్రలతో మొదలుపెడదాం." ఫలితం కాగితం నా చేతికిచ్చి అంది, "మీ అమ్మాయికి వచ్చే అవకాశం సగానికి సగం. తనకీ పరీక్ష చేయించండి."

సగానికి సగం చెడే సరుకును నేనెన్నడూ ముట్టుకోలేదు. ఆ కాగితాన్ని బీరువాలో బట్టల కింద దాచాను.

అక్క ఎప్పటిలాగే తేల్చేసింది. "ఆ గిన్నెలకి మెరుగు పెట్టే పొడి అయ్యుంటుంది. ప్లాస్టిక్‌లోకి మారిపో."

సరేనన్నాను. తెలిసే అన్నాను. తప్పు సరుకుదైతే పిల్ల క్షేమం. అంతకన్నా చవకైన బేరం నాకెక్కడా దొరకలేదు.

మర్నాటి నుంచి గిన్నెలు దించడం మొదలుపెట్టాం. అమ్మాయికి ఇరవై మూడేళ్ళు, నాతోపాటే దుకాణంలో కూర్చుంటుంది. నాకు ఆయాసమని తనే నిచ్చెనెక్కింది. ఒక బొత్తి అందించబోయి ఆగిపోయింది.

"నిన్న నీ మాత్రల కోసం వెళితే నర్సు అడిగింది, మీరు పరీక్షకి రక్తం ఎప్పుడిస్తారని."

నేను కింది గిన్నెలు సర్దసాగాను.

"నన్నడక్కుండానే నా బేరం తెంపేశావా నాన్నా?"

"తెలిస్తే ఏం చేస్తావే?"

"తెలియక నువ్వేం చేశావు? సరుకు మీద సరుకు మార్చావు. మనం మూట కట్టిన ప్రతిసారీ అది మనకన్నా ముందే వచ్చి కూర్చుంది. ఏటేటా వెతికించుకుంటే గోరంత ఉన్నప్పుడే దొరకొచ్చట. నీకు కొండంతయ్యాక దొరికింది."

దిగి చెప్పులేసుకుంది. నేను షట్టర్ దించి ఆసుపత్రికి వెంట వెళ్ళాను.

నెలకు ఫలితం వచ్చింది. తనకూ ఉంది.

ఏడవలేదు. ముందు అక్క ఇంటికి వెళ్ళి, "నువ్వూ రక్తం ఇవ్వత్తా" అంది.

"నాకేమే, దుక్కలా ఉన్నాను" అంది అక్క. గొంతు మాత్రం అలా లేదు.

ఒళ్ళంతా చూసే స్కాన్‌కి అమ్మాయిని మొదటిసారి తీసుకెళ్ళాను. ఎక్స్‌రే కిరణాలు లేని యంత్రం, అయస్కాంతంతో పనిచేసేదట. తను లోపలికి వెళ్ళాక వరండాలో కూర్చున్నాను. నాలుగు కుర్చీలు. మిట్టమధ్యాహ్నం, మనిషి జాడ లేదు. అయినా మిగతా మూడూ ఖాళీగా అనిపించలేదు. పక్కన తాత. ఆ పక్కన నాన్న, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని. చివర చెల్లి, ఇంకా పందొమ్మిదేళ్ళే, ఇప్పుడు నా కూతురికన్నా చిన్నది. ముగ్గురూ ఆ తలుపు వంకే చూస్తున్నారు. దేనికోసమని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

స్కాన్ అయ్యాక అమ్మాయి అటునుంచి అటే డాక్టరమ్మ గదికి వెళ్ళింది. చాలాసేపటికి చీటీ పట్టుకుని వచ్చింది.

"ఈ ఏడాదికి ఏమీ లేదట నాన్నా. పద."

నేను లేచాను. వాళ్ళు లేవలేదు.