అద్దం మీద ఆవిరి

సెల్విన్ వ్యాన్ పక్కతలుపు తీసి, మెట్టు దించి, దాని మీది ఎర్రదుమ్మును అరచేత్తో తుడిచాడు. పెద్దమ్మ అతని భుజం పట్టుకుని ఎక్కింది. సూదులు పొడిచీ పొడిచీ ఆమె ఎడమచేతి నరం తాడులా ఉబ్బి ఉంది. మంగళ, గురు, శనివారాలు రోగుల్ని డయాలసిస్‌కి తీసుకెళ్లడం, మళ్లీ వాళ్లుండే హాస్టల్లో దింపడం. ఎడారి మధ్యనున్న ఆలిస్ స్ప్రింగ్స్‌లో పద్దెనిమిదేళ్లుగా అతని పని ఇదే.

యాభై మూడేళ్ల వయసులో అతను ధ్వనిశాస్త్రం, అంటే నోట్లో అక్షరాలు ఎలా పలుకుతాయో చెప్పే చదువు, చదువుతున్నాడు. పాఠం ఎడిలైడ్ నుంచి ఆన్‌లైన్‌లో వస్తుంది. ఆ వేళకి పెద్దమ్మ మెషీన్ మీద ఉంటుంది. అతను స్టూలు లాక్కుని పక్కన కూర్చుని, ఒక ఇయర్‌ఫోన్ తన చెవిలో, ఇంకొకటి ఆమె చెవిలో పెడతాడు.

ఆ చదువు ఎందుకో ఆమె ఒక్కదానికే తెలుసు. చిన్నప్పుడే పట్నం హాస్టల్లో వేయడంతో ఇంటిమాట అతని నోట నిలవలేదు. ఆదివాసీలైన వాళ్ల నేల మీద ఒక చెలమ ఉంది. చాలాకాలానికి తిరిగొచ్చినవాడు గట్టున నిలబడి దాన్ని పేరుపెట్టి పిలవాలి. ఎప్పుడో పోయిన పెద్దలు ఆ గొంతు గుర్తుపట్టాకే నీళ్లు ముట్టాలి. ఆ పేరు మధ్యలో ఒక ణ ఉంది. సెల్విన్ నాలుక అంత వెనక్కి తిరగదు, న దగ్గరే ఆగిపోతుంది. పరాయివాడిలా పిలవడానికి సిగ్గుపడి పదకొండేళ్లుగా అటు వెళ్లలేదు. ఆమెని ఎక్కించుకున్న ప్రతిసారీ వ్యాన్‌లో ఆ పేరు పలుకుతాడు. పెద్దమ్మ నాలుక చప్పరించి "మళ్లీ" అంటుంది.

ఆ గురువారం టీచర్ ఇంగ్రిడ్ అందరినీ చిన్న అద్దం తెచ్చుకోమంది. ముక్కు కింద పెట్టుకుని పలికితే, గాలి ముక్కులోంచి వచ్చే ధ్వనులకి అద్దం మసకబారుతుందట.

"పొద్దుట్నుంచీ అద్దం వదలట్లేదు. ఎవర్రా ఆ పిల్ల? నాకు చెప్పకుండానే పెళ్లి చేసేసుకుంటావా?" అంది పెద్దమ్మ. పక్క కుర్చీలో ముసలాయన దగ్గేదాకా నవ్వాడు.

ఆమె అద్దం లాక్కుని చెలమ పేరు పలికింది. చిన్న నాణెమంత ఆవిరి పట్టి, రెండు క్షణాల్లో ఆరిపోయింది. సెల్విన్ గబగబా ఫోన్ తీసి రికార్డింగ్ నొక్కాడు. చివరి అసైన్‌మెంట్ కోసం ఇప్పటికే నలభై నిమిషాల ఆమె మాట అందులో ఉంది. పెద్దమ్మ ఫోన్ మీద చెయ్యి కప్పింది.

"పెట్టెలో పెట్టకురా. నేను పోయాక మనవాళ్లు దాన్ని తెరవనివ్వరు. నోట్లో పెట్టుకో."

సూదులు తీశాక టీ అడిగింది. మూడేళ్లుగా ఆమెకి రోజుకింత అని కొలిచిన నీళ్లే. దాహమైనప్పుడల్లా సెల్విన్ ఐసుముక్క ఇచ్చేవాడు, చప్పరించడానికి.

"నిండా పొయ్యి. చక్కెర మూడు చెంచాలు."

అతను పోశాడు. ఆమె కళ్లు మూసుకుని మగ్గు అడుగు దాకా తాగింది. అతనికి అప్పుడర్థమైంది.

బయట ఆమె కొడుకు డెస్మండ్ టయోటా నిలిపి ఉంచాడు. వెనకాల పక్కబట్టల చుట్ట, తెల్లకుక్క. శనివారం తనకోసం బండి తేవద్దని, డాక్టరుతో మాట్లాడి ఇక మెషీన్ ఆపేసే కాగితాల మీద సంతకాలు కూడా అయ్యాయని పెద్దమ్మ చెప్పింది. ఇంటికెళ్లి పడుకుంటానంటే ఎవరూ కాదనలేదట. సెల్విన్ ఆమె వ్యాన్‌లో మరిచిపోయిన శాలువా తెచ్చి ఒళ్లో కప్పాడు. ఇంకేం చెయ్యాలో తోచక, టయోటా కిటికీ దగ్గర నిలబడి చెలమ పేరు పలికాడు.

ఆమె "మళ్లీ" అనలేదు. అతని చెంప మీద చెయ్యి వేసి కాసేపు ఉంచింది. సరిగా పలికాడో, వదిలేసిందో అతనికి తెలియలేదు. బండి కదిలింది.

తొమ్మిదో రోజున కబురొచ్చింది. పోయినవాళ్ల పేరు పలకకూడదు, గొంతు వినకూడదు అన్నది వాళ్ల ఆచారం, అప్పట్నుంచి ఆమె పేరు ఎవరూ ఎత్తడం లేదు. ఫోన్‌లోని నలభై నిమిషాలూ అలాగే మూసి ఉన్నాయి. రికార్డింగ్ వాడలేనని రాస్తే ఇంగ్రిడ్ కారణాలు అడగలేదు, నీ గొంతుతోనే పలికి పంపు అంది.

వాళ్ల నేల మీదే ఆమెని మట్టి చేసే రోజున సెల్విన్ చీకటి విడిపోగానే బయలుదేరాడు. చెలమకి ఇంకా గంట ప్రయాణం ఉందనగా బండి ఆపి, ఆమె డయాలసిస్ కుర్చీ పక్కన వదిలేస్తే తను దాచుకున్న అద్దం తీసి ముక్కు కింద పెట్టుకున్నాడు. పలికాడు. మళ్లీ పలికాడు.

న అన్నా, ణ అన్నా, అద్దం ఒకేలా మసకబారింది, ఒకేలా తేటపడింది.