చేపల వరుస

ఆదివారం పొద్దున్నుంచీ చిట్టి ఒక కాగితం పట్టుకుని వంటింటి గుమ్మం దగ్గరే తచ్చాడుతోంది. దాని మీద తల్లి చేత సంతకం పెట్టించుకోవాలి. తల్లి చేతులు రెండూ పిండిలో ఉన్నాయి.

"నాన్న ఖాళీగానే ఉన్నాడుగా, పెట్టించుకో."

"వద్దమ్మా, నువ్వే పెట్టు" అని పిల్ల గొణిగింది.

ఆ గొణుగుడే కొంప ముంచింది. ముందుగదిలో కాళ్లు బారజాపుకుని కూర్చున్న తండ్రి "ఏంటమ్మా అది, కచేరీ సంగతేనా? ఇటు తే" అని చెయ్యి చాచాడు.

ఆయన్ని చుట్టుపక్కల అందరూ టంకం మేస్త్రి అంటారు. లారీలకూ కార్లకూ రేడియేటర్లు బాగుచేసే షెడ్డు ఆయనది. ఇక పారేయాల్సిందే అని జనం వదిలేసిన సామానుకి కూడా టంకం వేసి, సొట్టలు తీసి, మరో నాలుగేళ్లు ఆయుష్షు పోసే చెయ్యి. నోరు మాత్రం ఆ చేతికి నాలుగు రెట్లు. శుక్రవారం సాయంత్రం బడిలో బ్యాండు, బృందగానం కచేరీ అయిన దగ్గర్నుంచీ ఆ నోటికి విశ్రాంతి లేదు. షెడ్డుకి వచ్చిన ప్రతి డ్రైవరుకూ, టీ తెచ్చే మనిషికీ, ఎదురింటి ముసలాయనకూ ఒకటే మాట. "ముప్పై ఆరుగురు పాడారయ్యా. అంతమందిలోనూ మా చిట్టి గొంతు విడిగా, గంట కొట్టినట్టు వినిపించింది."

కాగితం మీద బడివాళ్లు మూడు ప్రశ్నలు అచ్చువేసి ఇచ్చారు. కచేరీ గురించి ఆలోచించి పిల్లలు జవాబులు రాయాలి, ఇంట్లో పెద్దలు చదివి సంతకం పెట్టాలి. 'నువ్వు బాగా చేసినది ఏమిటి?' అన్న దాని కింద చిట్టి గుండ్రటి అక్షరాలతో రాసింది: 'నేను సమయానికి నోరు తెరిచాను. సమయానికి మూశాను.' 'ఇంకా బాగా చేయగలిగినది ఏమిటి?' అన్న దాని కింద: 'రెండో పాటలో మర్చిపోయి కొంచెం శబ్దం చేశాను. ఇక చేయను.' మూడో ప్రశ్న 'ఇంట్లోవాళ్లు ఏమన్నారు?' దానికి జవాబు: 'అందరి గొంతుల్లోనూ నా గొంతు విడిగా వినిపించిందని మా నాన్న అన్నాడు. నేను పాడలేదు.'

మేస్త్రి ఆ చివరి రెండు మాటలూ మూడుసార్లు చదివాడు. నాలుగోసారి పైకి చదివాడు.

"నేను పాడలేదు. ఏంటే ఇది?"

తల్లి వెనక్కి జరిగింది చిట్టి. "పాటల సారు మమ్మల్ని తొమ్మిది మందిని మూడో వరుసలో నిలబెట్టారు నాన్నా. పెదాలు కదిపితే చాలు, గొంతు ఎత్తొద్దన్నారు. మేం పాడితే పాట చెడిపోతుందంట. మా వరుసకి చేపల వరుస అని పేరు పెట్టుకున్నాం మేమే." ఎలాగో చూపించడానికి చేపలాగా రెండుసార్లు నోరు తెరిచి మూసింది. నవ్విద్దామనుకుంది కాబోలు. ఎవరూ నవ్వలేదు.

"ఎన్నాళ్ల నుంచి?"

"మూడు నెలలు."

మేస్త్రి లేచి నిలబడ్డాడు. "మూడు నెలలుగా నా కూతురి నోరు కట్టేశాడా వాడు! వాడి బ్యాండు సామానంతా నేను బాగుచేసిపెట్టానే, నెల రోజులు సాయంత్రాలు కూర్చుని! ఇప్పుడే వాడి ఇంటికి..."

"కూర్చో" అంది భార్య పిండి చేతులతోనే. "సారు ఇల్లెక్కడో నీకు తెలీదు."

"నీకు తెలుసా ఈ సంగతి?"

"పది రోజుల కిందట చెప్పింది. కచేరీ రోజున అల్లరి చేస్తావని నీ చెవిన వెయ్యలేదు. నువ్వేమో గంట కొట్టినట్టు వినిపించిందని మూడు రోజులుగా వీధంతా బాకా ఊదుతున్నావు. ఏం చెప్పమంటావు? పిల్లేమో నువ్వు అన్నప్పుడల్లా తల దించుకుని ఇవతలికి వచ్చేస్తోంది."

గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే అదే. మేస్త్రికి సారు మీద వచ్చిన కోపం ఒకటి, భార్య మీద వచ్చింది ఇంకొకటి, ఆ రెండింటి అడుగునా పేరు పెట్టడానికి వీల్లేని కోపం మరొకటి. ఆ మూడోది ఎవరి మీదో ఆయనకి తెలుసు. తెలుసు కాబట్టే మొదటి రెండింటినీ గట్టిగా పట్టుకున్నాడు. ఆ పూట అన్నం సగంలో వదిలేశాడు. సోమవారం ఉదయం దేవుడికి దణ్ణం పెట్టేటప్పుడు కూడా పళ్లు నూరుతూనే పెట్టాడు. ఆ పైవాడికి ఇలాంటి దణ్ణాలు అలవాటే అయి ఉండాలి, లేకపోతే మన ఇళ్లలో సగం దణ్ణాలు ఆయనకి చేరవు.

షెడ్డు తెరవకుండా కూతుర్ని స్కూటరు మీద ఎక్కించుకుని బడికి వెళ్లాడు. పాటల గది పై అంతస్తులో చివర ఉంది. కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. గోడ వెంబడి నల్లటి పెట్టెల్లో బాకాలు, కిటికీ కింద పియానో, దాని మీద కాగితాల గుట్ట. పాటల సారు సన్నగా, పొడుగ్గా ఉంటాడు. గుడ్డ పెట్టి డోళ్ల మీద దుమ్ము తుడుస్తున్నాడు. మేస్త్రిని చూడగానే మొహం వెలిగింది.

"రండి మేస్త్రిగారూ! మీరు అతికిన పెద్ద బాకా శుక్రవారం ఎలా పలికిందనుకున్నారు..."

"బాకా సంగతి తర్వాత. నా కూతురు ఎలా పలికిందో చెప్పండి."

చిట్టి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. సారు ఒకసారి ఆమెవైపు చూసి, గుడ్డ మడతపెట్టాడు. "ఓ, అదా."

"అదే. పిల్లల్ని వరుసలో నిలబెట్టి నోళ్లు మూయించడం ఏం చదువండీ? బట్టల కొట్టు ముందు బొమ్మలుంటాయి, అవి తెచ్చి నిలబెట్టుకోలేకపోయారా? అవైతే పొరపాటున శబ్దం కూడా చెయ్యవు."

"కాస్త నిదానంగా మాట్లాడండి. తొమ్మిది మందికి శ్రుతి నిలవదు. వాళ్లు గొంతెత్తితే పక్కవాళ్లూ జారిపోతారు. పోనీ కచేరీలో వద్దందామంటే, నా పిల్లనెందుకు తీసేశారని ఒంటికాలి మీద లేచి వచ్చేదీ మీలాంటి తల్లిదండ్రులే. అందరూ వేదిక మీద కనపడాలి, పాటా బాగుండాలి. నేనేం చెయ్యను? పిల్లలు బాధపడలేదు. వాళ్లకి లేని దురద మీకెందుకు?"

"బాధపడలేదా? ఇక చేయను అని రాసిందండీ! పాడటాన్ని తప్పు ఒప్పుకున్నట్టు రాసింది!" మేస్త్రి జేబులోంచి కాగితం తీసి పియానో మీద కొట్టాడు. "నా షెడ్డుకి రేడియేటరు వస్తుంది. ఎక్కడ కారుతోందో పైకి తెలీదు. నీళ్ల తొట్టిలో ముంచి గాలి ఊదుతాం. బుడగలు ఎక్కడ వస్తే అక్కడ చిల్లి. గాలే ఊదకుండా, చిల్లి కనపడలేదు కాబట్టి సామాను బాగుంది అని ఇచ్చేస్తే నన్ను ఏమంటారు? దొంగ అంటారు!"

సారు మొహం ఎర్రబడింది. ఆయనకీ కోపం వచ్చింది, వచ్చినా గొంతు పెంచలేదు. కాగితం తీసుకుని చదివాడు. చివరి జవాబు దగ్గర ఆగాడు.

"మేస్త్రిగారూ, మీరు ముందు వరుసలో కూర్చున్నారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. ఇంటికెళ్లి, పిల్ల గొంతు విడిగా వినిపించిందని చెప్పారు. నేను దొంగనైతే, మరి మీరు విన్నదేమిటి?"

 కిటికీ బయట పిల్లలెవరో పరిగెడుతున్నారు. మేస్త్రి గోడవైపు, నల్ల పెట్టెలవైపు చూశాడు.

"నేను వినలేదు" అన్నాడు చివరికి.

"అంటే?"

"పెద్ద బాకా మెడ దగ్గర పగిలి ఉండింది కదా, అక్కడ వేసిన టంకం మీద నాకు నమ్మకం లేదు. మధ్యలో గాలి లీకై పరువు పోతుందేమోనని మొదటి నుంచీ చివరిదాకా దాన్నే విన్నాను. పిల్లలు పాడుతున్నంతసేపూ నా చెవి దాని మీదే ఉంది. అది నిలబడింది. ఆ సంతోషంలో, కచేరీ ఎలా ఉందని పిల్ల అడిగితే, నీ గొంతు విన్నాను అన్నాను." ఆయన గుమ్మంవైపు తిరగలేదు. "అబద్ధం ఆడాను. ఆ కోపమే నిన్నటి నుంచి నన్ను తింటోంది. అంతమాత్రాన మీరు చేసింది తప్పు కాకుండా పోదు."

గుమ్మం దగ్గర చిట్టి పుస్తకాల సంచి కింద పెట్టింది, అంతే. తండ్రి విననే లేదన్న మాట కంటే, విన్నానని చెప్పిన మాటే ఆ పిల్లను ఎక్కువ బాధపెట్టి ఉంటుందా? పెద్దలం మనం మెచ్చుకోలు మాటలు చిల్లరలా విసిరేస్తుంటాం. పిల్లలు వాటిని ఏరుకుని, చెల్లవని తెలిసీ దాచుకుంటారు.

"సార్" అంది చిట్టి. "నేను ఇప్పుడు పాడనా?"

సారు మేస్త్రిని చూశాడు, మేస్త్రి సారుని చూశాడు. సారు పియానో ముందు కూర్చుని ఒక మెట్టు నొక్కాడు. చిట్టి చేతులు వెనక్కి కట్టుకుని మొదటి పాట మొదటి చరణం ఎత్తుకుంది. మూడు మాటలు సాఫీగా నడిచాయి. నాలుగో మాట దగ్గర, చీకట్లో మెట్లు దిగుతూ ఒక మెట్టు తక్కువ అనుకున్న మనిషిలాగా, గొంతు ధబాలున కిందకి పడింది. అక్కడి నుంచి చివరిదాకా కిందనే దేక్కుంటూ వెళ్లింది. సంగీతం అంటే ఇంజను చప్పుడు తప్ప తెలియని మేస్త్రికి కూడా ఆ సంగతి తెలిసిపోయింది.

పిల్ల తండ్రి మొహంలోకి చూసింది. 'భలే పాడావమ్మా' అన్న మాట ఆయన నాలుక చివర సిద్ధంగా ఉంది. దాన్ని మింగడానికి ఆయన పడ్డ కష్టం దేవుడికే తెలియాలి.

"తప్పింది" అన్నాడు.

"ఎక్కడ?"

అది ఆయనకి తెలియదు. సారువైపు తిరిగాడు. "ఎక్కడో చెప్పండి."

"నాలుగో మాట దగ్గర" అన్నాడు సారు, పియానో మెట్లని చూస్తూ. "అది పైకి వెళ్లాలి. అక్కడికి వెళ్లేసరికి ఊపిరి అయిపోతోంది. మూడో మాటకి ముందు ఊపిరి తీసుకోవాలి."

"ఈ ముక్క దానికి ఎప్పుడైనా చెప్పారా?"

సారు పియానో మీది కాగితాలు సర్దాడు.

"మూడు నెలల్లో ఒక్కసారి? ఊపిరి తీసుకోవే పిల్లా అని, ఒక్కటంటే ఒక్కసారి?" మేస్త్రి గొంతు మేడ దిగి కింది తరగతుల దాకా వినిపించి ఉంటుంది. "నోరు మూసుకోమనడానికి తీరిక దొరికింది, ఊపిరి తీసుకోమనడానికి దొరకలేదా?"

దేవుడు అందరికీ గొంతిచ్చాడు. అందరికీ శ్రుతి ఎందుకివ్వలేదో ఆయన్నే అడగాలి. కానీ పుట్టగానే ఏడవమన్నవాడు, పాడేటప్పుడు నోరు మూసుకోమని ఎవరికీ చెప్పినట్టు లేదు.

"గురువారం చిన్న తరగతుల పిల్లల కోసం మళ్లీ కచేరీ ఉంది కదా సార్" అంది చిట్టి. తండ్రి కేకలకి ఆ పిల్ల గొంతు మరీ చిన్నగా వినిపించింది. "పాడనిస్తేనే నిలబడతాను. ఊరికే నోరు తెరవమంటే నిలబడను. మిగతా ఎనిమిది మందీ కూడా నిలబడరు."

"వాళ్లను అడిగావా?"

"అడగలేదు. అయినా నిలబడరు."

సారు చాలాసేపు గుడ్డ మడతలు విప్పుతూ, మళ్లీ మడతపెడుతూ కూర్చున్నాడు. "పాట చెడుతుంది" అన్నాడు, ఎవరితోనో కాదు, తనలో తానే. గుడ్డ పక్కన పెట్టి, "రేపు పొద్దున్న ఏడున్నరకి తొమ్మిది మందీ రండి. ఎల్లుండి కూడా. ఊపిరి సంగతి చూద్దాం. రెండు రోజుల్లో నేనేమీ మంత్రం వెయ్యలేను, ముందే చెబుతున్నా" అన్నాడు.

"మంత్రం అడగలేదు. పని చెయ్యమంటున్నాను" అన్నాడు మేస్త్రి. నమస్కారం కూడా పెట్టకుండా బయటికి నడిచాడు.

గురువారం మేస్త్రి హాలు వెనకాల, తలుపు పక్కన నిలబడ్డాడు. ముందంతా చిన్నపిల్లలు నేల మీద కూర్చున్నారు. బ్యాండు మొదలైంది. పెద్ద బాకా పలికింది. చెవి అటు లాగబోతే మేస్త్రి మెడ పట్టి లాక్కొచ్చినట్టు మూడో వరుస మీదికి తిప్పుకున్నాడు. మొదటి పాట మూడో మాటకి ముందు తొమ్మిది మంది భుజాలూ ఒక్కసారి పైకి లేచాయి. ఊపిరి పీల్చారు. నాలుగో మాటకి కొందరు ఎక్కారు, కొందరు జారారు. రెండో పాటలో మూడో వరుస అంతా కలిసి జారింది. మొదటి వరుసలో ఒక పిల్ల వెనక్కి తిరిగి చూసింది. సారు చెయ్యి గాలిలో ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలింది. ఆపలేదు. మేస్త్రి ముందు కుర్చీలో కూర్చున్న ఒక పెద్దమనిషి మొహం చిట్లించి, పక్కామెతో "అబ్బా, ఆ వెనకవాళ్లు..." అన్నాడు.

మేస్త్రి వంగి ఆ మనిషి చెవి దగ్గర "పాడుతున్నారు, వినండి" అన్నాడు. మామూలుగానే అన్నాననుకున్నాడు. ఆ పెద్దమనిషి మాత్రం కుర్చీతో సహా పక్కకి జరిగాడు.

అయిపోయాక చిట్టి మెట్ల మీదుగా పరిగెత్తుకుంటూ వచ్చింది. మొహమంతా చెమట.

"విన్నావా నాన్నా?"

"విన్నాను."

"నా గొంతు?"

 "మీ వరుస మొత్తం వినిపించింది. అందులో నీది ఏదో పట్టుకోలేకపోయాను. రెండో పాట పాడు చేశారు."

"అవును, ఘోరంగా చేశాం" అంది చిట్టి, చాలా సంతోషంగా. "సారు రేపు కూడా ఏడున్నరకే రమ్మన్నారు."