మార్గదర్శి పేరు రాసే చోటు

పేగు ఆపరేషన్లలో ఆ సర్జన్ చేతికి తిరుగులేదు. థియేటర్లో అందరూ ఆమెను చాటుగా పెద్దమ్మ అనేవారు. ఆమె దగ్గర పని నేర్చుకున్న కుర్ర డాక్టరమ్మ ఒక మధ్యాహ్నం పరిశోధన గ్రాంటు దరఖాస్తు తెచ్చి, మార్గదర్శిగా సంతకం పెట్టమంది.

పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుని చదివింది. మార్గదర్శికి గతంలో వచ్చిన గ్రాంట్లేమిటో రాయాలట. రాయడానికి ఆమెకు ఒక్కటీ లేదు. ఇరవై రెండేళ్ల క్రితం ఇదే గ్రాంటుకు తనూ, తోటి డాక్టరూ పోటీపడ్డారు. అతనికి వచ్చింది. దాంతో వారానికి రెండు రోజులు ల్యాబ్‌లో గడిపే వీలు దొరికింది. ఆ పని చూపించి మరో గ్రాంటు తెచ్చుకున్నాడు, ఆపైన ప్రొఫెసరయ్యాడు. ఈమె ఆపరేషన్లలోనే ఉండిపోయింది.

"నా పేరుంటే నీ దరఖాస్తు పక్కన పడేస్తారమ్మా. ప్రొఫెసర్ గారి పేరు రాయి."

"నేర్పింది మీరైతే ఆయన పేరెలా రాయను మేడమ్?"

"నేర్చుకున్నది నీ చేతుల్లో ఉందిగా. కాగితం మీద లేకపోతే కొంపలేం మునగవులే."

ఆ ప్రొఫెసర్‌కి పెద్దమ్మే ఫోన్ చేసింది. అతన్ని ఏదైనా అడగడం అదే మొదటిసారి. అంతా విని అతను, "ఆ ఏడాది గ్రాంటు నీకే వస్తుందనుకున్నాను," అన్నాడు.

"పిల్లని బాగా చూసుకో," అని ఫోన్ పెట్టేసింది.

గ్రాంటు వచ్చింది. ఆ అమ్మాయి ల్యాబ్‌కి వెళ్లే మంగళ, గురువారాల్లో ఆమె రోగులను పెద్దమ్మ తన ఆపరేషన్ల జాబితాలో చేర్చుకుంది.