వియన్నా నుంచి పారిస్‌కు రెండు గంటలు

కారు వెనక సీటు మీద పిల్లవాడు కక్కిన పాలూ బిస్కెట్లూ గుడ్డతో ఎత్తుతూ వెంకటేశ్వరి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. కువైట్‌లో, మిష్రిఫ్‌లోని ఆ విల్లాలో పనికి చేరి ఏడేళ్లయినా ఆ వాసన అలవాటు కాలేదు. పనివాళ్లంతా మామా అని పిలిచే యజమానురాలు గుమ్మంలో నిలబడి ఫోను చూస్తూ, "జూలైలో వియన్నా దాకా రాత్రి విమానం, మావాడు నిద్రపోతాడు. అక్కణ్ణుంచి పారిస్ వెయ్యిన్నర కూడా లేదు, వెయ్యీ ముప్ఫై కిలోమీటర్లే. విమానంలో రెండు గంటలు. వీడు ఓర్చుకుంటాడులే" అంది. ఓర్చుకోకపోతే ఎవరి ఒళ్లో కక్కుతాడో మామాకు బాగా తెలుసు.

ఆ జూలైలోనే వెంకటేశ్వరికి ఊరికి పోయే సెలవు. కూతురు అరుణజ్యోతిని తిరుపతిలో డిగ్రీకి చేర్చి, హాస్టల్లో పక్క తనే పరిచి రావాలని ఆశ. వస్తానని పిల్లకు ఒట్టేసి చెప్పింది. మొగుడు గంగాధర్ అదే ఇంట్లో డ్రైవరు. అతనికి ఆ ఒట్టు ఒక లెక్కలోది కాదు.

"నువ్వు పోతావని మామాకు మాటిచ్చేసినా. రెండు గంటలకే అంత మూతి ముడుస్తావేమే? రాయచోటి నుంచి తిరపతికి పోయేదానికే మూడు గంటలు పట్టదా? ఊర్లో ఎవురికుందే ఈ యోగం!"

యోగం! ఆరేళ్ల కిందట ఆ యోగమూ అయింది. విమానంలో మామా వాళ్లు ముందు, తెర అవతల. వెనక తను, ఒళ్లో మామా పెద్దపిల్ల. లేచిన పావుగంటకే పిల్ల ఆమె రొమ్ము మీద కక్కింది. మళ్లీ మళ్లీ కక్కింది. జాకెట్టు లోపల తడి ఆరి, చర్మానికి అట్టలు కట్టింది. పారిస్‌లో దిగాక అందరూ ఫోటోకు నిలబడితే మామా, "ఈశ్వరీ, నువ్వు పక్కకు జరుగు, వాసనొస్తోంది" అంది. ఎవరి బిడ్డ వాసన? అక్కడ ఇండియాలో అత్తేమో ఊరంతా తిరిగి, "మా కోడలు పారిస్ చూసొచ్చినాది" అని చెప్పుకుంది. కోడలు చూసింది హోటలు బాత్‌రూమ్ నేల.

మధ్యాహ్నం మిర్కాబ్‌లో వీసా ఆఫీసుకు మామానూ ఆమెనూ గంగాధరే తీసుకుపోయాడు. పాత వేలిముద్రలు చెల్లవట, మళ్లీ ఇవ్వాలట. కౌంటరులో ఇఫ్ఫత్ అనే అమ్మాయి పాస్‌పోర్టు తెరిచి, "నాలుగు వేళ్లూ అద్దం మీద పెట్టండి" అంది హిందీలో.

వెంకటేశ్వరి చెయ్యెత్తింది. సబ్బుతో మూడుసార్లు కడిగినా పొద్దుటి వాసన పోలేదు. ఒక్కసారిగా అన్నిటి మీదా రోత పుట్టింది, వేళ్ల మీద, అద్దం మీద, వెనక నిలబడి "యల్లా, తొందరగా పెట్టవే" అంటున్న మొగుడి మీద. చెయ్యి దించేసింది.

"నేను పోవడం లేదు. నా పాస్‌పోర్టు ఇవ్వండి."

ఇఫ్ఫత్ ఆమె ముఖం చూసి, పాస్‌పోర్టు చేతికిచ్చింది. మామా అరబ్బీలో కేకేసింది, "విమానంలో పిల్లవాణ్ణి ఎవరు పట్టుకుంటారు?"

వెంకటేశ్వరి పాస్‌పోర్టు జాకెట్టులో దోపుకుంది.

"రెండు గంటలే కదా మామా. మీరు పట్టుకోండి."