తువ్వాలు కింద భయం

ఆ వారం నరసరావుపేట పశువుల సంతకు బయలుదేరేటప్పటికి నా దగ్గరున్నవి నూట యాభై రూపాయలు, ఒక బండి, ఒక ఎద్దు. రెండో ఎద్దు ముందు నెల్లోనే చచ్చిపోయింది. ఒంటెద్దుతో పిడుగురాళ్ల సున్నం ఊళ్ళకు తోలలేను. వానలు పడేలోగా జత కుదరకపోతే సున్నపు బట్టీవాళ్ళు నాకిచ్చే వాడుక సరుకు ఇంకొకడికి ఇచ్చేస్తారు.

నా లోపమల్లా అరచేతిలో చెమట. సంతలో బేరం నోటితో కాదు, తువ్వాలు కింద చేతులతో. అవతలివాడి వేళ్ళు ఎన్ని పట్టుకుంటే వంద పైన అన్ని పదులు. చుట్టూ ఉన్నవాళ్ళకు ధర తెలియదు గానీ, చెయ్యి పట్టుకున్నవాడికి నా తడి తెలిసిపోతుంది. వీడికి అవసరం ముదిరిందని వాడు దిగడు.

ఈ గోడు పక్కింటి ప్రభాకరరావు మాస్టారికి చెప్పాను. ఆయన మిషన్ బడిలో పనిచేస్తాడు. ట్రైనింగులో మనసు గురించిన పుస్తకం చదివాడు.

"భయమేసి చెమట పడుతుందనుకుంటున్నావు శౌరన్నా. తిరగేసి చూడు. పాము కనపడగానే ముందు ఎగిరేది కాలు. అది చూసుకుని మనసు 'ఓహో, భయం' అనుకుంటుంది. ఒళ్ళు ముందు, మనసు వెనక."

"అయితే చెమట ఆపితే భయం ఆగుద్దా?"

"పుస్తకం ప్రకారం ఆగాలి."

ఇంటికొచ్చి, ఏడుపు మొహం పెట్టాకే మనిషికి దిగులొస్తుందట అని మా ఆవిడ కరుణమ్మకు చెప్పాను. "ఏమోనయ్యా, నిన్ను చూస్తే నాకు ముందు దిగులే వస్తంది" అంది.

చెమట ఆపడానికి సున్నం వ్యాపారికి సున్నం కన్నా ఏముంది? బండి అడుగున మిగిలిన పొడి మూటగట్టుకుని పోయి, సంతలో దిగాక రెండు చేతులకూ రాసుకున్నాను. అది నీళ్ళు చల్లి చల్లార్చిన సున్నం కాదు, బట్టీ నుంచి వచ్చింది వచ్చినట్టున్నది. ఇరవై ఏళ్ళ వ్యాపారంలో ఈ పొరపాటు ఎన్నడూ చెయ్యలేదు.

ముర్తుజా అనే బేరగాడి ఎద్దు నచ్చింది. తువ్వాలు కప్పుకున్నాం. అతను నా అయిదు వేళ్ళూ రెండుసార్లు నొక్కాడు. వంద పైన వంద. నాకు గుండె జారింది, చెమట పట్టింది. తడి తగలగానే సున్నం భగ్గుమంది. అరిస్తే బేరం పోతుంది. పళ్ళు బిగించి, అతని అయిదు వేళ్ళూ పట్టుకుని నలిపేశాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏంది భాయ్, చెయ్యి నిప్పులాగుంది! నూట ఎనభై చేసుకో."

నేను వదల్లేదు. వదలాలన్నా వేళ్ళు తెరుచుకోలేదు.

"అంత కోపమైతే ఎట్టా భాయ్! నీ నూట యాభైకే తోలుకుపో. ముందు నా వేళ్ళు నాకియ్యి!"

పగ్గం చేతికొచ్చాకే సంగతి చెప్పాను. నూనె తెప్పించి ముందు అతని వేళ్ళకు రాసి, తర్వాత నేను రాసుకున్నాను. "కోపం కాదా? కాస్త ముందు తెలిస్తే నూట ఎనభై దగ్గరే ఆగేవాణ్ణి" అని తిట్టాడు.

సాయంత్రం మాస్టారు అడిగాడు. "భయమేసిందా?"

"చెయ్యి మండుతుంటే భయపడే తీరికేదీ?"

"కళ్ళనీళ్ళు వచ్చాయన్నావే, దిగులు రాలేదా?"

"ఎద్దొచ్చాక దిగులేంది మాస్టారూ?"

ఆయన గడ్డం గోక్కున్నాడు. "ఒళ్ళూ మనసూ ఒక్కసారే కదులుతాయని ఇంకో పండితుడు అన్నాడులే."

"ఆయన సంగతి ఈ బొబ్బలు మానినాక చెప్పండి."

మొత్తం మీద నాకు మిగిలింది: ఎద్దు ఒకటి, బట్టీ వాడుక, అరచేతిలో మూడు బొబ్బలు. నేను చాలా కోపిష్టినని సంతంతా పేరు కూడా వచ్చింది. దాన్ని లాభం కిందే వేసుకున్నాను.